అవ్వ మాట, చిన్నాయన ఫ్లాపీ, నల్ల తెర మీద తెలుగు

పోయిన సంక్రాంతికి హోసూరు పాతింట్లో అటక దించినాము. ఇత్తడి సామాన్లు, చెదలు తిన్న పంచాంగాలు, ఒక బిస్కెట్ డబ్బా. డబ్బాలో చిన్నాయన అమెరికా నుంచి రాసిన నీలం ఏరోగ్రాములు కొన్ని, వాటి కింద రెండు మూడున్నర అంగుళాల ఫ్లాపీలు. ఒకదాని లేబుల్ మీద బాల్‌పెన్నుతో "న్యూస్ 94, 1/2" అని ఉంది. అమ్మ పారేయమంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని కదా, ఏదైనా పనిచేయదని ఎవరన్నా చెప్తే నమ్మే అలవాటు లేదు. జేబులో వేసుకున్నాను.

ఆ ఫ్లాపీలో ఏముంది, అది ఏ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది, దానికీ మన ఇంటి కథకీ ఏం సంబంధం అనేది ఈసారి రాస్తాను. ఈ పుటలో ఇంతవరకూ పెద్దలు ఇంటిపేర్లు, గుళ్ళు, మాన్యాల గురించి రాసినారు. నాది కంప్యూటర్ల చరిత్ర. కొంచెం ఓపిక పట్టండి, ఊరి దగ్గరికి వస్తాను.

ముందు ఒక మాట. నేను చదివింది కన్నడ మీడియం. హోసూరులో మన పిల్లకాయలు కొందరు తమిళం, కొందరు కన్నడం, కొందరు తెలుగు బడికి పోయినోళ్ళే. ఏ బడి దగ్గరుంటే అది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పలక మీద కన్నడం. ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా తెలుగు నాకు చెవిలో ఉండే భాష, కంట్లో ఉండేది కాదు. కన్నడం వచ్చినోళ్ళకి తెలుగు లిపి వారం రోజుల పని, తలకట్టు తేడా పట్టుకుంటే సగం అయిపోతుంది. అయినా ఆ వారం నాకు ఇరవై మూడేళ్ళకి గానీ దొరకలేదు. అందుకని ఈ రాతలో తప్పులుంటే మన్నించాల.

ఇప్పుడు యూజ్‌నెట్ సంగతి. 1979లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనేవాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. ఒక కంప్యూటర్ రాత్రిపూట ఇంకో కంప్యూటర్‌కి ఫోన్ చేసి, తన దగ్గర ఉన్న కొత్త ఉత్తరాలు ఇచ్చి, దాని దగ్గర ఉన్నవి తెచ్చుకుంటే ఎట్లుంటుంది అని. పక్క ఊరి నార్త్ కరోలినా యూనివర్సిటీలో స్టీవ్ బెలోవిన్ మొదటి ప్రోగ్రాం రాసినాడు. 1980కల్లా అది బయటికి వచ్చింది. దీనికి నడిమధ్య యజమాని లేడు. ఒకాయన రాసిన ఉత్తరం కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి చేతులు మారుతూ ఊళ్ళన్నీ తిరిగేది. మన పల్లెల్లో సంత రోజు సుద్దులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయినట్లే.

1986లో బ్రయన్ కాంటర్, ఫిల్ లాప్స్‌లీ అనేవాళ్ళు రాసిన ఎన్ఎన్‌టీపీ అనే పద్ధతి వచ్చింది. దాంతో ఉత్తరాలన్నీ ఒక సర్వర్లో పెట్టుకుని, అందరూ తమ బల్ల దగ్గర నుంచే చదవొచ్చు. చదవడానికి ఒక ప్రోగ్రాం కావాల. దాన్నే న్యూస్‌రీడర్ అనేవాళ్ళు. వార్తలు చదివే అమ్మాయి కాదు, ప్రోగ్రాం.

ఆ ప్రోగ్రాములన్నీ ఉత్త అక్షరాలతో నడిచేవి. ఎనభై అక్షరాల వెడల్పు, ఇరవై నాలుగు వరుసల ఎత్తు ఉండే నల్ల తెర. మౌసు లేదు, బొమ్మ లేదు. 1984లో లారీ వాల్ రాసిన ఆర్ఎన్ వీటిలో పేరు పొందింది. పెర్ల్ భాష చేసిన లారీ వాల్ ఈయనే, అది 1987లో. ఆర్ఎన్‌లో నాకు చాలా నచ్చిన సంగతి స్పేస్‌బార్. ఎక్కడున్నా సరే స్పేస్ కొడితే, అప్పుడు మామూలు మనిషి ఏం చేస్తాడో అది చేస్తుంది. పుట మిగిలుంటే పుట తిప్పుతుంది, అయిపోతే తర్వాతి ఉత్తరం, గుంపు అయిపోతే తర్వాతి గుంపు. నేను రోజూ పరీక్షించే యాప్‌లలో ఇంత బుద్ధి ఉన్న బటన్ ఒకటి కూడా లేదని పందెం కడతాను. ఎన్ కొడితే తర్వాతిది. కే కొడితే ఆ విషయం మీద వచ్చినవన్నీ చదివేసినట్టు లెక్క. ఒక మనిషి గోల భరించలేకపోతే కిల్‌ఫైల్ అనే చిట్టాలో పేరు రాసి పెట్టుకోవచ్చు, ఇంక ఆయన మాట మన తెర మీదికి రాదు. పెళ్ళిళ్ళలో అట్లాంటిది ఒకటి ఉంటే బాగుండు.

ఆర్ఎన్‌కి వేన్ డేవిసన్ జవాబుల చెట్టు కలిపి టీఆర్ఎన్ చేసినాడు. ఎవరు ఎవరికి జవాబిచ్చినారో తెర కుడివైపు మూలలో చిన్న వంశవృక్షం మాదిరి గీసి చూపేది. డెన్మార్క్‌లో కిమ్ స్టార్మ్ అనే ఆయన ఎన్ఎన్ రాసినాడు. వార్త లేకపోవడమే మంచి వార్త అనేది దాని పేరు వెనక ఉన్న చమత్కారం. ఆయన పనిచేసింది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ డెన్మార్క్ శాఖలో. అదే కంపెనీ 1985లో బెంగళూరుకి వచ్చి, శాటిలైట్ లింకు పెట్టుకుని పని మొదలుపెట్టింది. మన హోసూరు బస్సులు నిండటానికి అది కూడా ఒక మొదలే. 1991లో ఇయన్ లీ రాసిన టిన్ వచ్చింది. 1994లో జాన్ డేవిస్ ఎస్ఎల్ఆర్ఎన్ మొదలుపెట్టినాడు, నేను వాడేది అదే. జపాన్‌లో మసనొబు ఉమెదా ఈమాక్స్ ఎడిటర్ లోపలే నడిచే గ్నస్ రాస్తే, తర్వాత నార్వే ఆయన లార్స్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ దాన్ని మొత్తం తిరగరాసినాడు.

వీటికి డబ్బులు అడిగినోళ్ళు లేరు. సోర్సు కూడా ఇచ్చేవాళ్ళు, ఎవరికి తోచినట్లు వాళ్ళు సరిచేసుకునేవాళ్ళు. ఆ సోర్సు కూడా ఆ యూజ్‌నెట్ మీదనే పంచుకునేవాళ్ళు. లారీ వాల్ పెర్ల్‌ని మొదట బయట పెట్టింది అక్కడే. రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ గురించి 1983 సెప్టెంబరు 27న చెప్పింది అక్కడే. 1991 ఆగస్టు 25న లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ కుర్రాడు ఒక ఆపరేటింగ్ సిస్టం చేస్తాండానని, ఊరికే సరదాకేనని రాసింది కూడా అక్కడే. ఈ పొద్దు మా ఆఫీసులో సర్వర్లన్నీ ఆ సరదా మీదనే నడుస్తాయి.

మనవాళ్ళ సంగతికి వస్తే, 1990ల మొదట్లోనే సోక్ కల్చర్ ఇండియన్ తెలుగు అని ఒక గుంపు ఉండేది. పేరులో మాటల మధ్య చుక్కలు. పొడుగు పేరు కాబట్టి స్కిట్ అని పిలుచుకునేవాళ్ళు. ఎంఎస్, పీహెచ్‌డీ చదివే పిల్లలు ఎక్కువ. మన దేశంలో అప్పటికి మామూలు జనానికి ఇంటర్నెట్టే లేదు. వీఎస్ఎన్ఎల్ అందరికీ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. అంతకుముందు ఐఐటీలు, మన పక్కనున్న ఐఐఎస్సీ లాంటి చోట్ల ఎర్నెట్ ఉండేది, అంతే. అంటే ప్రపంచంలో తెలుగు వాళ్ళు మొదటిసారి కంప్యూటర్ మీద గుంపుగా కూర్చుని మాట్లాడుకున్న రచ్చబండ, తెలుగు నేల మీద లేదు.

అయితే ఒక చిక్కు. ఆ దారిలో పోయేవి ఇంగ్లీషు అక్షరాలే. ఎన్ఎన్‌టీపీ పద్ధతిలో రాసుకున్నది ఆస్కీ అనే ఏడు బిట్ల లిపి. నూట ఇరవై ఎనిమిది గుర్తులు, అందులో ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి, అంకెలు, చుక్కలు, కామాలు. ఎనిమిదో బిట్టు వాడితే దారిలో ఏదో ఒక కంప్యూటర్ దాన్ని కోసి పారేసేది. యూనికోడ్ మొదటి పుస్తకం 1991లో వచ్చినప్పుడు అందులో తెలుగుకి చోటు ఉంది నిజమే, కానీ చోటు ఉండటం వేరు, దారి ఉండటం వేరు.

హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీలో చదువుకునే కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దీనికి ఒక ఉపాయం చేసినారు. ఇంగ్లీషు అక్షరాలతోనే, ఒక్క తెలుగు అక్షరం కూడా తారుమారు కాకుండా రాసే పద్ధతి. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న డీ ద, పెద్ద డీ డ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. వాళ్ళ యూనివర్సిటీ పేరుతో ఆర్‌టీఎస్ అయింది. దాన్ని మళ్ళీ తెలుగు లిపిలోకి తిప్పడానికి రిట్ అనే ప్రోగ్రాం కూడా చేసినారు. టెక్ అనే అచ్చు సాఫ్ట్‌వేర్‌కి తెలుగు అక్షరాలు చేసినవాళ్ళు ఉన్నారు కాబట్టి కాగితం మీదికి అచ్చమైన తెలుగు తెచ్చుకోవచ్చు.

టెస్టర్‌గా నాకు ఇందులో అందం ఎక్కడ కనిపిస్తుందంటే, న్యూస్‌రీడర్ రాసినోళ్ళకి తెలుగు అనే భాష ఉందని తెలిసి ఉండాల్సిన పనే లేదు. ఆర్ఎన్‌లో గానీ టిన్‌లో గానీ ఎస్ఎల్ఆర్ఎన్‌లో గానీ, ఉత్తరం చదువుతా నిలువు గీత మీట కొడితే, ఆ ఉత్తరాన్ని ఏ ప్రోగ్రాంకి పోయాల అని అడుగుతుంది. దానికి అక్షరాలు తిప్పే ప్రోగ్రాం పేరు చెప్తే చాలు. బయట నుంచి వచ్చినోడికి పెరటి తలుపు తీసి పెట్టినట్టు. ఇప్పటి యాప్‌లకి వాకిలి పెద్దది, పెరటి తలుపు ఉండదు.

నిజం చెప్పాలంటే తిప్పుకుని చదివినోళ్ళు తక్కువ. కొన్నాళ్ళకి కళ్ళు అలవాటు పడేవి, ఇంగ్లీషు అక్షరాలనే తెలుగుగా చదివేసేవాళ్ళు. పద్యాలు కూడా అట్లే. ఇది కొందరికి కష్టంగా తోచింది, మన లిపికి అవమానమని. నాకు మాత్రం అది మేలు చేసింది. ఎందుకంటే నేను మొట్టమొదట చదివిన తెలుగు ఆ తెలుగే. 2012లో పాత యూజ్‌నెట్ ఉత్తరాలు వెతుకుతా ఉంటే స్కిట్ కనపడింది. లిపి రాకపోయినా చదవగలిగినాను. నాలుగు వరుసలు గట్టిగా చదివితే అవ్వ గొంతు వినపడినట్లయింది. ఆ తర్వాతే తెలుగు అక్షరాలు నేర్చుకుందామని కూర్చున్నాను.

ఇప్పుడు ఫ్లాపీ.

మా లాప్‌టాప్‌లకి ఫ్లాపీ పెట్టే చోటు లేదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో నాలుగు అంగళ్ళు తిరిగితే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి దొరికింది. అంగడాయన నన్ను చూసి, యాక్ సార్ అన్నాడు. ఎందుకు సార్ అని. మొదటి ఫ్లాపీ కరకరమంది, మూడుసార్లు ఆగింది, నాలుగోసారి చాలా భాగం చదివింది. రెండోది కదల్లేదు.

లోపల రెండు ఫైళ్ళు. మొదటిది న్యూస్ఆర్‌సీ. ఇది చిన్న ఫైలే గానీ, దీన్ని చూసి నేను చాలాసేపు కూర్చుండిపోయినాను. న్యూస్‌రీడర్ ఇందులో రాసుకునేది ఏమిటంటే, మనం ఏ గుంపులు చదువుతాము, ఒక్కో గుంపులో ఎన్నో నంబరు ఉత్తరం దాకా చదివినాము అని. గుంపు పేరు పక్కన రెండు చుక్కలుంటే చదువుతున్నట్టు, ఆశ్చర్యార్థకం ఉంటే మానేసినట్టు. చిన్నాయన 1992లో పోయినప్పుడు ఆయనకి ఇరవై మూడు. క్రికెట్ గుంపుకి రెండు చుక్కలు. ఉద్యోగాల గుంపుకి రెండు చుక్కలు. తెలుగుకీ, తమిళానికీ రెండు చుక్కలు. భారతదేశం అందరికీ కలిపిన పెద్ద గుంపు ఒకటుండేది, దానికి ఆశ్చర్యార్థకం. ఏరోగ్రాముల్లో నేను బాగున్నాను, మీరు బాగున్నారా, చలి ఎక్కువ అని తప్ప ఏమీ లేదు. ఆయన ఒంటరితనం ఆ నంబర్లలో ఉంది. తెలుగు గుంపులో ఒక్క ఉత్తరం కూడా విడిచిపెట్టకుండా చదివినాడు, ఒకటో నంబరు నుంచి కాదు గానీ, చేరిన నాటి నుంచి.

రెండోది ఆయన దాచుకున్న ఉత్తరాలు. ఎస్ మీట కొడితే ఉత్తరం ఫైలులోకి పోయేది, ఒకదాని కింద ఒకటి. నాకు దొరికినవి 212. వాటిని ఫార్మెయిల్ అనే పాత పనిముట్టుతో విడగొట్టి, ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో అంకెల ఫైలుగా పెట్టినాను. గుంపు పేరులో చుక్కలున్న చోటల్లా ఒక ఫోల్డరు. పాత సర్వర్లలో అట్లే ఉండేది. ఎస్ఎల్ఆర్ఎన్‌కి ఆ ఫోల్డరు చూపిస్తే, ఏమీ తేడా లేనట్లు తెరిచి చూపించింది. ముప్పై ఏళ్ళ నాటి మాటలు, నిన్న రాత్రి వచ్చిన ఉత్తరాల మాదిరి, ఎడమ పక్కన జవాబుల చెట్టు గీసుకుని.

ఏముండాయి అందులో? వీసా గొడవలు. ఏ ఊళ్ళో చింతపండు దొరుకుతుంది. సినిమా పాటల సాహిత్యం. వాడుక భాషా, గ్రాంథికమా అని కొట్లాట, అది ఎప్పుడూ ఉండేదే. 1994 ఏప్రిల్ 12న అరిజోనా లాయర్లు ఇద్దరు, కాంటర్, సీగెల్, గ్రీన్‌కార్డ్ లాటరీకి మేము సాయం చేస్తామని వేల గుంపుల్లో ఒకే ప్రకటన కొట్టినారు. దాన్నే ఇంటర్నెట్టులో మొదటి పెద్ద వ్యాపార స్పామ్ అంటారు. దాని మీద తిట్లు చిన్నాయన మూడు దాచుకున్నాడు. ఆ ప్రకటన ఎవరి కోసమో వాళ్ళే ఈ గుంపులో ఉండేది కదా. తిట్టినవాళ్ళలో ఎంతమంది దరఖాస్తు పెట్టినారో.

ఇంకో ఉత్తరంలో పితికిపప్పు మీద వాదం. అనపకాయ గింజలు నానేసి తోలు పితికి చేసే పప్పు అని చిన్నాయన రాసి ఉండాలి. అవతల ఒకాయన, ఇది కన్నడం వాళ్ళ వంట, ఈ మాట తెలుగులో లేదు అన్నాడు. ఇంకొకరు చిత్తూరు నుంచి వచ్చి, మా ఇంట్లో చలికాలమంతా అదే అని జవాబిచ్చినారు. మన తెలుగుని తెలుగు కాదనడం హోసూరు వాళ్ళకి కొత్త కాదు. మద్రాసులో ఒక మాట, హైదరాబాదులో ఒక మాట, బెంగళూరులో ఒక మాట పడతాము. హ్యూస్టన్లో కూడా పడినామని తెలిసి నవ్వొచ్చింది.

ఇక్కడ గమనించండి, "రాసి ఉండాలి" అన్నాను. చిన్నాయన రాసిన ఉత్తరం ఒక్కటి కూడా ఫ్లాపీలో లేదు. మనిషి దాచుకునేది ఎదుటివాళ్ళు రాసిన జవాబులు. తను రాసింది తనకు తెలుసు కదా. ఆర్ఎన్‌తో వచ్చే ఉత్తరాలు పంపే ప్రోగ్రాంలో, ఆథర్‌కాపీ అనే సెట్టింగు ఒకటి ఉండేది. అది పెట్టుకుంటే మనం పంపిన ప్రతిదీ ఒక ఫైలులో కూడా పడుతుంది. చిన్నాయన పెట్టుకోలేదు. ఆయన మాటలు మిగిలింది, జవాబిచ్చినవాళ్ళు పైన ఉటంకించిన వరుసల్లోనే. ప్రతి వరుసకీ ముందు ఒక బాణం గుర్తు.

తెలుగు బాగా చదువుకున్న మా మావ ఒకాయన ఇది విని, పెదపాటి జగ్గన సంగతి చెప్పినాడు. ఎప్పుడో ఆయన ప్రబంధాల్లోంచి పద్యాలు ఏరి ఒక పుస్తకం కట్టినాడంట. ఆ ప్రబంధాలు కొన్ని పూర్తిగా పోయినాయి, జగ్గన ఏరుకున్న పద్యాలే వాటికి ఆధారం. మీ చిన్నాయన కూడా ఆ లెక్కే అన్నాడు మావ. చిన్నాయనకి ఫోన్లో చెప్తే చాలాసేపు నవ్వినాడు.

ఆ బాణం గుర్తుల వెనకాలే అవ్వ ఉంది.

1993 చివరలో అనుకుంటాను, గుంపులో ఎవరో మీ పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చినారు అని అడిగినారు. చిన్నాయన, మన అవ్వ చెప్పే కథ ఆమె మాటల్లోనే రాసినాడు. కృష్ణగిరి నుంచి ఒకాయన దానికి సంబరపడి జవాబు రాసినాడు, మాదీ అదే కథ అని. ఆ జవాబులో పదకొండు వరుసలు చిన్నాయనవి. నేను తెలుగు లిపిలోకి తిప్పి కింద పెడుతున్నాను. బాణాలు తీసేసినాను.

మావోళ్ళు పైదేశం నుంచి దిగినోళ్ళంట. మూడేండ్లు వాన లేదంట. ఎద్దుల్ని కటికోనికి అమ్మలేక తోలుకోనే వచ్చినారంట. ఊరి పేరు వడపల్లి. రాత్రి పూట నడిచేది, పగులు చెట్ల కింద పండుకునేది. ఒక ఆడమనిషి నిండు చూలాలు. దావలోనే బిడ్డ పుట్టె. ఎద్దు మెడలో గంట తీసి బిడ్డకి కట్టిరంట, ఏడిస్తే నక్కలొస్తాయని గంట మోగించేదంట. ఆ బిడ్డకి పెట్టిన పేరేమంటే

అంతే. దాని కింద చదరపు బ్రాకెట్లలో, కొంత భాగం తీసేశాను అని ఒక వరుస.

ఎందుకు తీసేసినాడు? కృష్ణగిరి ఆయన మీద కోపం వచ్చింది నాకు మొదట. తర్వాత తెలిసింది, ఆయన తప్పు కాదేమోనని. అప్పట్లో చాలా చోట్ల ఇన్యూస్ అనే పంపే ప్రోగ్రాములో ఒక నియమం ఉండేది. ఉత్తరంలో కొత్త వరుసల కంటే ఉటంకించిన వరుసలు ఎక్కువుంటే, పంపను పో అని తిప్పి కొట్టేది. ఫోన్ లైన్ల ఖర్చు మిగల్చడానికి. తెలివైనవాళ్ళు బాణం గుర్తు మార్చి దాన్ని మోసం చేసేవాళ్ళు. మర్యాద తెలిసినవాళ్ళు కోసేవాళ్ళు. కృష్ణగిరి ఆయన సొంతంగా రాసింది లెక్కపెట్టినాను, సంతకం కాకుండా పన్నెండు వరుసలు. పదకొండుకి పన్నెండు. మర్యాదస్తుడే. ఆ నియమం రాసినాయనకి, దాని కొసన ఎవరి అవ్వ ఉందో ఎట్లా తెలుస్తుంది? నా ఉద్యోగంలో ఇట్లాంటి వాటిని బగ్ అనరు, డిజైన్ ప్రకారమే అని మూసేస్తారు.

చిన్నాయన రాసిన అసలు ఉత్తరం వేరే చోట దొరుకుతుందేమోనని వెతికినాను. 1981 నుంచి 1991 దాకా వచ్చినవి చాలావరకు టొరంటో యూనివర్సిటీలో హెన్రీ స్పెన్సర్ 141 టేపుల మీద దాచినాడు. మన ఉత్తరం ఆ తర్వాతిది. డేజాన్యూస్ అనే కంపెనీ దాచడం మొదలుపెట్టింది 1995లో. మనది ఆ ముందుది. 2001లో డేజా కట్టని గూగుల్ కొనుక్కుంది, పాతవి కూడా తెచ్చి కలిపింది. అందులో స్కిట్ ఉత్తరాలు ఉన్నాయి గానీ, నేను వెతికిన అన్ని మాటలకీ ఇది దొరకలేదు. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ యూజ్‌నెట్ కొత్త ఉత్తరాలు తీసుకోవడం మానేసింది. పాతవి చూడొచ్చు అన్నారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కట్టలుగా పెట్టినవి దించుకుని చూసినాను, వాటిలోనూ లేదు.

ఇంక ఊరి పేరు. పైన వడపల్లి అని రాసినాను, కానీ అది నా ఊహ. చిన్నాయనకి అప్పటికి ఆర్‌టీఎస్ ఇంకా పట్టుబడలేదు. పెద్దబడి, చిన్నబడి తేడా లేకుండా అన్నీ చిన్న అక్షరాలతో కొట్టినాడు. అట్లా కొడితే అది వడపల్లి కావచ్చు, వాడపల్లి కావచ్చు, వదపల్లి కావచ్చు. ఈ ఒక్క మీట కోసమే కదా రైస్ వాళ్ళు అంత కష్టపడింది! కృష్ణా, మూసీ కలిసే చోట నల్లగొండ జిల్లాలో వాడపల్లి ఉంది. గోదావరి ఒడ్డున ఇంకో వాడపల్లి ఉంది. రెండూ నీళ్ళ పక్కన ఉండే ఊళ్ళు. మూడేళ్ళు వాన లేక ఎద్దులు తోలుకొచ్చిన కథకి నాకైతే పొసగదు. మన దొడ్డ వాళ్ళు మాత్రం గోదావరి ఒడ్డుదే అని గట్టిగా చెప్తున్నారు, పోయిన ఏడాది అక్కడికి పోయి దేవుని దర్శనం కూడా చేసుకొచ్చినారు. పుణ్యానికి నేను అడ్డం చెప్పను, చరిత్రకి మాత్రం ఇంకా ఆధారం చాలదు.

చిన్నాయన్నే అడిగితే, "నాకేం గుర్తురా, అవ్వ ఫోన్లో ఏమంటే అదే కొట్టినా. నిమిషానికి ఎంత అయ్యేదో తెలుసునా?" అన్నాడు. బిడ్డ పేరు అడిగితే కొంచెం సేపు మాట్లాడలేదు. గుర్తు రాలేదన్నాడు. ఆ కథ గుంపులో పెట్టేసినాను కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నానన్నాడు.

తెలుగు లిపిలోకి తిప్పే పని గురించి కూడా కొంచెం చెప్పాల. నిలువు గీత మీట వాడి, నేను రాసుకున్న చిన్న స్క్రిప్టుకి పోస్తే అక్షరాలు మారినాయి గానీ, నల్ల తెర మీద చెల్లాచెదురు అయినాయి. ఆ తెర గళ్ళ నోటుబుక్కు లాంటిది, ఒక అక్షరానికి ఒక గడి. "స్త్రీ" అనే మాట తీసుకోండి, నేను ఎక్కడ తెలుగు పరీక్షించినా మొదట కొట్టేది అదే. మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. టెర్మినల్ లెక్కలో మూడు గళ్ళు. అచ్చులో వచ్చే వెడల్పు ఇంకోటి. లెక్కకీ బొమ్మకీ పొంతన లేక వరుస అంతా పక్కకి జరుగుతుంది. అదే ఆర్‌టీఎస్‌లో నాలుగు అక్షరాలు, నాలుగు గళ్ళు, గొడవే లేదు. న్యూస్ పద్ధతిని యూటీఎఫ్-8కి మార్చింది 2006లో. అదే ఏడు వీవెన్ చేసిన లేఖిని వచ్చింది. దానికి ఆధారం వెన్న నాగార్జున చేసిన పద్మ, రాసే పద్ధతి చాలావరకు ఆ పాత ఆర్‌టీఎస్సే. అదే 2006లో మన తమిళనాడులో బళ్ళల్లో తమిళం తప్పనిసరి చేసే చట్టం కూడా వచ్చింది. ఒక దిక్కు తెలుగు కంప్యూటర్లోకి నడిచి వస్తా ఉంటే, ఇంకో దిక్కు మన హోసూరు బళ్ళలోంచి మెల్లగా నడిచి పోవడం మొదలయింది. ఈ పొద్దు మా అన్న పిల్లలు నాకు వాట్సాప్‌లో తెలుగు రాసేది ఇంగ్లీషు అక్షరాలతోనే. అన్నీ చిన్నబడి. త, ట తేడా లేదు.

స్కిట్‌లో ఇప్పుడు ఎవరూ లేరనే చెప్పాలి. ఆ తరం వాళ్ళలో కొందరు 1998లో ఈమాట పత్రిక మొదలుపెట్టినారు, అది ఇంకా వస్తోంది. ఎస్ఎల్ఆర్ఎన్, టిన్ మాత్రం బతికే ఉన్నాయి. లినక్స్‌లో ఒక్క వరుస ఆజ్ఞతో వచ్చేస్తాయి.

ఇది రాయడం అయిపోయిన తర్వాత రాయకోట అత్తకి ఫోన్ చేసి పదకొండు వరుసలూ చదివి వినిపించినాను. గంట దగ్గరికి వచ్చేసరికి ఆమె నాకంటే ముందే చెప్పేసింది. ఊరి పేరు దగ్గర ఆపింది. "వడపల్లి ఎవర్రా చెప్పింది? అవ్వ వడ్లపల్లి అనేది. వడ్లు, వడ్లు. వానల్లేని ఊరికి ఆ పేరేమిటే అని మేమంతా నవ్వేవాళ్ళం" అంది. అంటే చిన్నాయన ఒక ఎల్ అక్షరం కూడా మింగినాడు. నా మూడు ఊహల్లో అది లేనే లేదు.

బిడ్డ పేరు అత్తకి కూడా తెలియదు. 1993, 94లో చిన్నాయన రాసిన ఏరోగ్రాములు గానీ, అవ్వ చెప్తే ఎవరైనా రాసుకున్న నోటుబుక్కు గానీ మీ ఇళ్ళల్లో ఉంటే ఫోటో తీసి పంపండి. రెండో ఫ్లాపీ నా దగ్గరే ఉంది. ఎస్పీ రోడ్డు ఆయన వేరే డ్రైవ్ ఒకటి వస్తుంది, శనివారం రమ్మన్నాడు.